ప్లాక్టన్ సెషన్ కోసం బస్సు వదిలేశా: స్కాట్లాండ్ పల్లె ట్రిప్ రివ్యూ

నమస్తే అండీ! ముందే చెప్పేస్తున్నా, ఈ ట్రిప్‌లో బస్సు, హోటల్ ఒక టూర్ కంపెనీ ఫ్రీగా ఇచ్చింది. కోటలు, రేట్లు, రూట్ మ్యాప్ మీరు వేరే వీడియోల్లో చూసే ఉంటారు, వాటి జోలికి పోను.

నేను చెప్పాలనుకున్నది సెషన్ గురించి, అంటే పబ్‌లో వాయించేవాళ్లు చేరి కలిసి వాయించుకోవడం. స్కాట్లాండ్ ఉత్తరాన ఉన్న కొండప్రాంతం హైలాండ్స్, దాని పడమటి తీరంలో ప్లాక్టన్ అని చిన్న ఊరుంది. అక్కడి హైస్కూల్లో 2000 నుంచి సంప్రదాయ సంగీతానికి జాతీయ కేంద్రమే నడుస్తోంది. సాయంత్రం పబ్‌కి వెళ్తే స్టేజీ లేదు, మైకు లేదు. ఓ టేబుల్ చుట్టూ ఫిడిల్, అకార్డియన్, విజిల్ అనే చిన్న పిల్లనగ్రోవి పట్టుకుని కూర్చున్నారు. మన రామాలయం భజనలో లాగే ఒకరు ఎత్తుకుంటే, ఆ ట్యూన్ తెలిసినవాళ్లు అందుకుంటారు. ట్యూన్‌ని రెండు మూడుసార్లు తిప్పి, ఆపకుండా ఇంకో ట్యూన్‌లోకి దూకేస్తారు చూడండి, ఆ మలుపు దగ్గర పబ్ మొత్తం ఊగిపోతుంది! స్ట్రాత్‌స్పే అనే డాన్స్ ట్యూన్ అయితే స్కాట్లాండ్ సొంతం. పొట్టి స్వరం, వెంటనే పొడుగు స్వరం, కాలు దానంతటదే కదులుతుంది. స్కూలు పిల్ల ఒకమ్మాయి ఫిడిల్‌తో వస్తే, ఓ పెద్దాయన జరిగి చోటిచ్చి "నువ్వే మొదలుపెట్టమ్మా" అన్నాడు.

సరిగ్గా అప్పుడే మా గైడ్ వచ్చి, తొమ్మిదయింది, బస్సెక్కండి అన్నాడు. సెషన్ వేడెక్కేదే ఆ టైమ్‌కి! నాకు నిజంగా కోపం వచ్చింది. ఇంతకుముందు ఎడిన్‌బరాలో ఒక డిన్నర్ షో చూశా. అక్కడా ఇంతే, టైమ్ చూసి పాట, టైమ్ చూసి భోజనం.

బస్సు వదిలేసి, నా డబ్బుతో ఊళ్లోనే బెడ్ అండ్ బ్రేక్‌ఫాస్ట్‌లో దిగా. ఆ ఇంటావిడ నా తడి బూట్లు తీసుకెళ్లి పొయ్యి దగ్గర ఆరబెట్టింది. మాంసం తిననంటే పొద్దున్నే వెజిటేరియన్ హాగిస్ (మామూలుగా గొర్రె మాంసంతో చేసే అక్కడి వంటకం) చేసి పెట్టింది. ఊరి బయట రోడ్డు పక్కన పెట్టెలో గుడ్లు, కేకులు ఉంటాయి, మనిషి ఉండడు. డబ్బులు డబ్బాలో వేసి తీసుకోవడమే.

ఊరికి, సంగీతానికి పదికి పది. ప్యాకేజీ మాత్రం వద్దు. ఇన్వర్నెస్ నుంచి కైల్ లైన్ రైలు ప్లాక్టన్‌లోనే ఆగుతుంది, రెండు గంటలకు పైగా పడుతుంది. రైళ్లు తక్కువ, టైమ్ చూసుకుని ఎక్కండి. సెషన్ ఏ రోజుందో పబ్‌కి ఫోన్ చేసి కనుక్కుని, ఆ రాత్రికే రూమ్ బుక్ చేసుకోండి. వాయించేవాళ్లని అడక్కుండా మాత్రం ఫోన్‌తో రికార్డ్ చేయకండి.