ఆకాశం నుంచి ఊడిపడిన మాంత్రికుడు

శ్రోతలకు నమస్కారం.

కంప్యూటర్ ఆటల్లో రోల్ ప్లేయింగ్ గేములని ఒక రకం ఉంది. మనమే కథలో ఒక పాత్రమై, విద్యలు నేర్చుకుంటూ, శత్రువులతో తలపడుతూ ముందుకు సాగాలి. వాటిలో ఓపెన్ వరల్డ్ ఆటలైతే ఒక దేశాన్నే మన ముందు పరిచి, ఇష్టం వచ్చినట్టు తిరగమంటాయి.

అమెరికాలోని బెథెస్డా సంస్థ 2002లో మారోవిండ్ అనే ఆట విడుదల చేసింది. ఖైదీగా ఓడ దిగి, సేడా నీన్ అనే పల్లె దాటి కొంచెం దూరం నడవగానే పైనుంచి పెడబొబ్బ వినిపిస్తుంది. ఒక మాంత్రికుడు ఆకాశం నుంచి ఊడిపడి అక్కడికక్కడే ప్రాణం విడుస్తాడు. అతని దగ్గర మూడు మంత్రపత్రాలు దొరుకుతాయి. ఒకటి చదివి గెంతితే కొండల మీదుగా ఎగిరిపోతాం. క్షేమంగా దిగే ఉపాయం మాత్రం అందులో లేదు. పాపం, ఆయనకూ తెలియలేదు! ముఖ్య కథకు ఈ ముచ్చటతో ఏ సంబంధమూ లేదు. మరో దారిన వెళ్లినవాడికి ఇలాంటిదొకటి ఉందనే తెలియదు. ఈ ఆటల మీద నాకున్న మోజంతా ఇలాంటి చోట్లే.

ఆ ఆటలో గమ్యాన్ని చూపించే గుర్తు ఉండదు. వంతెన దాటి ఎడమకు తిరగమని ఊరివాళ్లు చెబితే, ఆ మాట పట్టుకుని వెతుక్కోవాలి. వాళ్లు చెప్పింది ఒక్కోసారి తప్పు కూడా. విసుగొస్తుంది, కానీ ఆ వాగులూ గుట్టలూ మనసులో నిలిచిపోతాయి.

2006లో అదే సంస్థ తెచ్చిన ఆబ్లివియన్‌లో దిక్సూచి మీద గుర్తు వచ్చి చేరింది. దాన్నే చూస్తూ నడిచేవాడికి చుట్టూ ఉన్న అడవి కనిపించదు. అంతకు మించిన చిక్కు మరొకటి ఉంది. ఎవరు ఎప్పుడు ఎక్కడికి వెళ్లినా ఇబ్బంది పడకూడదని, మన బలంతో పాటే శత్రువుల బలమూ పెరిగేలా చేశారు. చివరికి దారికాచి వంద నాణేలు అడిగే దొంగ కూడా అతి ఖరీదైన గాజు కవచం తొడుక్కుని వస్తాడు. అది అమ్ముకుని హాయిగా బతకవచ్చు కదా!

జర్మనీలో 2001లో తయారైన గోథిక్‌కు ఈ మొహమాటం లేదు. మొదట్లో అడవిలో కాలు పెడితే తోడేలు చీల్చేస్తుంది. బలం పుంజుకుని వెళ్లి, అదే తోడేలును కొట్టినప్పుడు కలిగే తృప్తి ఆబ్లివియన్‌లో దొరకదు.

ఇక కథ సంగతి. ఆబ్లివియన్‌లో చక్రవర్తి చనిపోతూ రాజహారాన్ని మన చేతికిచ్చి, త్వరగా చేర్చమంటాడు. మనం నెలల తరబడి మూలికలు ఏరుకుంటూ తిరిగినా ప్రళయం ఓపికగా ఎదురుచూస్తుంది. 2015లో పోలండ్ నుంచి వచ్చిన విచర్ ఆటల్లో మూడోదానిలో పిట్టకథలు అసలు కథకు తీసిపోవు. అయితే అక్కడా, పెంచిన కూతురు ఆపదలో ఉందని బయలుదేరిన కథానాయకుడు గెరాల్ట్ సత్రం కనిపిస్తే చాలు, పేకాటకు కూర్చోగలడు.

గడువు పెడితే తిరిగే స్వేచ్ఛ తగ్గుతుంది, పెట్టకపోతే ఆపద ఉత్తుత్తిదవుతుంది. 1997 నాటి ఫాలౌట్ గడువు వైపే మొగ్గింది. నూటయాభై రోజుల్లో నీటిశుద్ధి యంత్రానికి చిప్ తేకపోతే మనవాళ్లు దాహంతో చనిపోతారు. ఆ గడువును విసుక్కున్నవాళ్లు ఉన్నారు. నాకు మాత్రం, ఏ ఊరికి వెళ్లినా ఇంకో పూట ఆగవచ్చా అని రోజులు లెక్కపెట్టుకోవడమే ఆ ఆటలో నచ్చింది.

సెలవు.