సముద్రం తప్పుకున్న దారిలో

శ్రోతలకు నమస్కారం.

యూరప్‌లో చదువుకుంటున్నానని చెప్పగానే మనవాళ్లు ముందుగా అడిగేది పారిస్ చూశావా అని. ఆ తరువాత స్విట్జర్లాండ్ మంచు కొండల సంగతి. రెండూ చూడదగినవే, కాదనను. అయితే జర్మనీలోని హాంబుర్గ్‌లో చదివిన కాలంలో నన్నూ నా మిత్రులనూ మళ్లీ మళ్లీ తన దగ్గరికి రప్పించుకున్నది ఉత్తర సముద్రం. ఎండాకాలంలోనూ చలిగాలి వీచే, బూడిద రంగు సముద్రం అది. ఈత కొట్టడానికి చాలా ధైర్యం కావాలి. కానీ ఆ సముద్రం రోజుకు రెండుసార్లు కిలోమీటర్ల దూరం వెనక్కి పోతుంది. అది వెళ్లిన దారిలో మనిషి నడిచి ఒక దీవికి చేరుకోవచ్చు. మేము అలా నడిచాం. ఆ నడక గురించీ, ఆ తీరంలోని మరికొన్ని దీవుల గురించీ ఈ రోజు మీతో చెప్పాలనుకుంటున్నాను.

హాంబుర్గ్ ఎల్బే నది మీద ఉన్న రేవు నగరం. నది సముద్రంలో కలిసేది ఇంకా వంద కిలోమీటర్ల దిగువన, కుక్స్‌హాఫెన్ అనే ఊరి దగ్గర. అక్కడికి ప్రాంతీయ రైలులో రెండు గంటల లోపు ప్రయాణం. 2023 మే నెలలో జర్మనీ మొత్తానికీ వర్తించే నెలవారీ టికెట్టు ఒకటి మొదలైంది. అప్పుడు దాని ధర 49 యూరోలు, తరువాత పెరిగింది. వేగంగా వెళ్లే పెద్ద రైళ్లలో అది చెల్లదు గాని, ప్రాంతీయ రైళ్లలోనూ ఊరి బస్సుల్లోనూ ఎంత తిరిగినా అదనంగా ఒక్క సెంటు ఇవ్వనక్కర్లేదు. చేతిలో డబ్బు తక్కువ, కాళ్లలో ఓపిక ఎక్కువ ఉన్న మాలాంటి వారికి అది పెద్ద వరం. చపాతీల్లో బంగాళాదుంప కూర చుట్టుకుని, తెల్లవారకముందే స్టేషనుకు చేరేవాళ్లం.

మా బృందంలో శ్రీకాకుళం జిల్లా మత్స్యకార కుటుంబం నుంచి వచ్చిన మిత్రుడు ఒకడు. వరంగల్ నుంచి వచ్చినవాడు మరొకడు. అతను ఇరవై ఏళ్లు దాటేవరకు సముద్రాన్ని చూడనే లేదు. భౌతికశాస్త్రం చదివే కేరళ అమ్మాయి ఒకరు, కొలంబియా నుంచి వచ్చిన సహాధ్యాయి ఒకరు. నాది కృష్ణా జిల్లా.

నెదర్లాండ్స్ నుంచి జర్మనీ మీదుగా డెన్మార్క్ వరకు దాదాపు 500 కిలోమీటర్ల పొడవున సాగే ఈ తీరాన్ని వాడెన్ సముద్రం అంటారు. నేల ఎంత సమతలంగా ఉంటుందంటే, నీటిమట్టం మూడు మీటర్లు తగ్గేసరికి కనుచూపు మేర అడుగు భాగం బయటపడుతుంది. మన కోస్తాలోనూ ఆటుపోట్లు ఉన్నాయి. కానీ అక్కడితో పోలిస్తే మన దగ్గర నీటిమట్టంలో తేడా తక్కువ, తీరం వాలు ఎక్కువ. అందుకే సముద్రం వెనక్కి వెళ్లినట్టు మనకు అంతగా తెలియదు. ఆ మైదానాన్ని మొదటిసారి చూసినప్పుడు శ్రీకాకుళం మిత్రుడు చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. ఆ తరువాత, "మా ఊళ్లో సముద్రం కోపం వస్తే ఇంట్లోకి వస్తుంది గాని, ఇలా ఇల్లు ఖాళీ చేసి వెళ్లిపోవడం నేను చూడలేదురా" అన్నాడు.

నెదర్లాండ్స్, జర్మనీలకు చెందిన భాగంలో చాలా మేరను యునెస్కో 2009లో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. డెన్మార్క్ భాగం 2014లో చేరింది. అంత గౌరవం ఎందుకంటే, ప్రతి ఏటా కోటికి పైగా వలస పక్షులు ఈ బురద నేల మీద ఆగి, మేత మేసి, బలం పుంజుకుని ముందుకు సాగుతాయి. వాటికి అంత మేత ఎక్కడిది? వంగి చూస్తే తెలుస్తుంది. తడి ఇసుక మీద అడుగడుగునా జంతికల పిండిని ఒత్తినట్టు చిన్న చిన్న చుట్టలు. ఇసుకలో బతికే ఒక రకం పురుగు విసర్జించిన ఇసుక అది. ఒక్కొక్క పురుగు ఏడాదికి పాతిక కిలోల ఇసుకను తన శరీరం గుండా పోనిచ్చి శుభ్రం చేస్తుందట. ఇక గుల్లలకూ నత్తలకూ లెక్కే లేదు. పైకి ఖాళీగా కనిపించే ఆ నేలలో ఒక చోట గుప్పెడు బురద తీసి చూపించి, మా మార్గదర్శి పది నిమిషాలు ఆగకుండా మాట్లాడింది.

ఆమె గురించి చెప్పాలి. అరవై దాటిన మనిషి. మోకాళ్ల వరకు మడిచిన ప్యాంటు, చేతిలో పొడవాటి కర్ర, వీపు మీద సంచి, అందులో తాడు, దిక్సూచి, వైర్‌లెస్ పరికరం. కుక్స్‌హాఫెన్ పక్కనున్న జాలెన్‌బుర్గ్ నుంచి నాయ్‌వెర్క్ దీవికి పది కిలోమీటర్ల నడక. మూడు గంటలు పడుతుంది. నీరు పూర్తిగా తగ్గకముందే ఆమె మమ్మల్ని బయలుదేరదీసింది. దారిలో అన్నిటికన్నా లోతైన కాలవను నీరు బాగా తగ్గిన సమయంలో దాటాలి, అందుకే ఆ లెక్క. ఇసుకలో నాటిన పుల్లల మోపులే దారి గుర్తులు. అక్కడక్కడా ఎత్తయిన స్తంభాల మీద పంజరం లాంటి ఆశ్రయాలున్నాయి. పోటు మధ్యలో చిక్కుకున్నవారు నిచ్చెన ఎక్కి, మళ్లీ నీరు తగ్గేదాకా అందులో ఉండి ప్రాణం దక్కించుకోవచ్చు.

ప్రమాదం ఎలా వస్తుందో ఆమె చెప్పిన తీరు నాకు ఇప్పటికీ అక్షరం పొల్లుపోకుండా గుర్తుంది. నీరు ఎదురుగా అలలా వస్తుందని కొత్తవాళ్లు అనుకుంటారు. అలా రాదు. మైదానంలో మెలికలు తిరిగే కాలవలుంటాయి. పోటు మొదలైనప్పుడు ముందు అవి నిండుతాయి. మనం నిలబడ్డ చోట కాళ్ల కింద ఇసుక ఇంకా పొడిగానే ఉంటుంది, వెనక కాలవ మాత్రం నడుము లోతు అయిపోతుంది. ఒడ్డు కంటికి కనిపిస్తూనే ఉంటుంది, చేరుకునే దారి ఉండదు. దానికి తోడు పొగమంచు కమ్మితే దిక్కులే తెలియవు. ఆ లోతైన కాలవ దగ్గర తొడల వరకు చల్లటి నీళ్లలో నిలబడి మావాళ్లు ఫోన్లు బయటికి తీశారు. ఆమె వెనక్కి తిరిగి, "ఫోటోలు అవతలి ఒడ్డున తీసుకోండి, ఇక్కడ నీళ్లు మన కోసం ఆగవు" అంది. గొంతు పెంచలేదు. ఫోన్లన్నీ సంచుల్లోకి వెళ్లిపోయాయి.

సాహసం అంటే హెచ్చరికలను లెక్క చేయకపోవడమని మన వయసువాళ్లలో ఒక అభిప్రాయం ఉంది. ఆ మనిషి వెనక నడిచినప్పుడు నాకు కలిగిన ఉత్సాహం ఏ కొండ అంచు మీదా కలగలేదు. తెలిసినవారి మాట వింటూ, గడియారం చూసుకుంటూ, గుంపులో అందరికన్నా నెమ్మదిగా నడిచేవారి అడుగుతో అడుగు కలిపి సముద్రగర్భం దాటడం కన్నా పెద్ద సాహసం ఏముంటుంది? నెమ్మదిగా నడిచింది మా వరంగల్ మిత్రుడు. బురదలో అతని కాలు పిక్క దాకా దిగబడిన ప్రతిసారీ కొలంబియా స్నేహితుడు చేయి అందించాడు. మా పక్క నుంచి ఎత్తు చక్రాల గుర్రపు బండ్లు నీళ్లు చిమ్ముకుంటూ దీవి వైపు సాగాయి. అప్పట్లో నడవలేని వారికి అవీ ఒక ఆధారం.

నాయ్‌వెర్క్ చిన్న దీవి. విస్తీర్ణం మూడు చదరపు కిలోమీటర్లు. స్థిర నివాసులు చాలా కొద్దిమంది. ఇంత దూరంలో ఉన్నా పరిపాలనలో ఇది హాంబుర్గ్ నగరంలో భాగమే. ఎల్బే ముఖద్వారాన్ని కాపాడుకోవడానికి హాంబుర్గ్ వారు 1310లో ఇక్కడ ఇటుకలతో ఒక బురుజు కట్టారు. అది ఇప్పటికీ నిలిచి ఉంది. 1814 నుంచి రెండు వందల ఏళ్లు దీపస్తంభంగా పనిచేసింది. "1310 అంటే ఓరుగల్లులో ప్రతాపరుద్రుడు ఏలుతున్న రోజులు" అన్నాడు వరంగల్ మిత్రుడు, బురుజు గోడ మీద చేయి వేసి. అంతవరకు కాళ్ల నొప్పుల గురించి మాట్లాడినవాడు ఆ తరువాత బురుజును వదిలి రాలేదు. దీవిలో అనామకుల శ్మశానం కూడా ఉంది. ఓడలు మునిగి ఒడ్డుకు కొట్టుకువచ్చిన, పేరూ ఊరూ తెలియని నావికులను అక్కడ ఖననం చేసేవారు.

తిరుగు ప్రయాణం ఓడలో. నీరు మళ్లీ నిండాక గాని ఓడ దీవి దగ్గరికి రాలేదు. పొద్దున మేము నడిచిన చోట సాయంత్రం ఓడ నడిచింది.

ఈ తీరం ప్రజలకు సముద్రం మీద ప్రేమతో పాటు భయం కూడా ఉంది. 1962 ఫిబ్రవరి 16 రాత్రి తుపాను గాలికి సముద్రం ఎల్బే నదిలోకి ఎగదన్నింది. కరకట్టలు తెగి, ఒక్క హాంబుర్గ్‌లోనే 315 మంది చనిపోయారు. 1977 నవంబరు 19 నాటి దివిసీమ ఉప్పెన కథలు వింటూ పెరిగిన నాకు, ఆ సంగతి చదువుతున్నప్పుడు మా ఇంట్లో పెద్దవాళ్ల గొంతులే వినిపించాయి. ఇంకా ఉత్తరాన హల్లిగ్ అనే చిన్న దీవులున్నాయి. వాటికి పెద్ద కట్టలు లేవు. మనుషులు తమ ఇళ్లను మట్టి దిబ్బల మీద కట్టుకుంటారు. శీతకాలపు తుపానులో పచ్చిక బయళ్లన్నీ మునిగి, దిబ్బలు మాత్రమే నీటి పైన మిగులుతాయి. పశువులను ముందే దిబ్బ మీదికి తోలుకొస్తారు.

ఇక హెల్గోలాండ్. ఇది నడిచి వెళ్లేది కాదు. కుక్స్‌హాఫెన్ నుంచి ఓడలో రెండు గంటలకు పైగా నడి సముద్రంలో వెళ్లాలి. అలలు పెద్దవైతే కడుపులో తిప్పుతుంది. దూరం నుంచి ఎర్రటి ఇసుకరాతి గుట్ట ఒకటి నీటిలోంచి నిటారుగా లేచినట్టు కనిపిస్తుంది. దాని చివర 47 మీటర్ల ఎత్తున ఒంటిరాయి స్తంభం. దీవి మీద కార్లు తిరగవు.

ఈ చిన్న గుట్ట చరిత్ర విద్యార్థులందరూ తెలుసుకోదగినది. 1807లో బ్రిటిష్ వారి చేతిలోకి వెళ్లింది. 1890 ఒప్పందంలో బ్రిటన్ దీన్ని జర్మనీకి ఇచ్చి, బదులుగా తూర్పు ఆఫ్రికా తీరంలోని జాంజిబార్ దీవి మీద తన అధికారాన్ని ఒప్పించుకుంది. రెండో ప్రపంచ యుద్ధం ముగిశాక బ్రిటిష్ సైన్యం 1947 ఏప్రిల్ 18న ఇక్కడి సైనిక నిర్మాణాలను సుమారు 6,700 టన్నుల పేలుడు పదార్థాలతో పేల్చివేసింది. దీవి రూపమే మారిపోయింది. ఆ తరువాత కూడా బాంబులు వేసే అభ్యాసానికి దీన్ని వాడారు. దీవివాసులకు తమ ఇంటికి తిరిగిరావడానికి అనుమతి లేదు. 1950 డిసెంబరు 20న హైడెల్‌బర్గ్‌కు చెందిన ఇద్దరు విద్యార్థులు, రెనె లాయ్డెస్‌డార్ఫ్, గేయోర్గ్ ఫాన్ హాట్స్‌ఫెల్ట్, ఆ చలిలో నిర్మానుష్యమైన దీవి మీద దిగి జెండాలు ఎగరేశారు. చేతిలో ఆయుధం లేదు. బాంబులు వేసే చోట మనుషులు నిలబడ్డారన్న వార్త అంతటా పాకింది, మరికొందరు వచ్చి చేరారు. 1952 మార్చి 1న బ్రిటన్ దీవిని తిరిగి అప్పగించింది. విమానాలను కూల్చడానికి యుద్ధకాలంలో కట్టిన బురుజు ఒకటి ఆ పేలుళ్లన్నీ తట్టుకుంది. దాని మీదే ఈనాటి దీపస్తంభం వెలుగుతోంది. మా వయసువాళ్లు ఇద్దరు ఇంత పని చేశారా అని దాని కింద కూర్చుని ఎంతసేపు మాట్లాడుకున్నామో.

మా కేరళ స్నేహితురాలికి మాత్రం ఈ దీవి మరో కారణంగా పుణ్యక్షేత్రం. 1925 జూన్‌లో ఇరవై మూడేళ్ల భౌతికశాస్త్రవేత్త వెర్నర్ హైసెన్‌బర్గ్ పుప్పొడి వల్ల వచ్చే అలర్జీ నుంచి తప్పించుకోవడానికి, చెట్టూ చేమా తక్కువైన ఈ దీవికి వచ్చాడు. పరమాణువుల తీరును వివరించే క్వాంటం యాంత్రికశాస్త్రానికి దారి వేసిన లెక్కలు ఇక్కడే ఒక రాత్రి అతనికి కుదిరాయి. నిద్ర పట్టక, ఒక రాతి మీదికి ఎక్కి సూర్యోదయం కోసం ఎదురుచూశాడట. మా స్నేహితురాలు తెల్లవారుజామున మమ్మల్ని అందరినీ లేపి గుట్ట మీదికి తీసుకెళ్లింది. మబ్బు పట్టి సూర్యుడు కనిపించలేదు. ఆమె ఏమాత్రం నిరాశ పడలేదు.

ఆ గుట్ట అంచుల్లో వేల సముద్రపక్షులు గూళ్లు కడతాయి. గిలెమాట్ అనే నలుపు తెలుపు పక్షి పిల్లలు జూన్‌లో, ఇంకా ఎగరడం రాకముందే, సంధ్యవేళ కొండ అంచు నుంచి కిందికి దూకేస్తాయి. వాటి తండ్రులు కింద నీళ్లలో తేలుతూ పిలుస్తుంటాయి. మెత్తటి ఈకల ముద్ద రాళ్లకు తగిలి, లేచి, నీళ్ల వైపు పరుగెడుతుంటే అందరం ఊపిరి బిగబట్టాం. పక్కనే గానెట్ అనే పెద్ద తెల్ల పక్షుల గూళ్లు. వాటిలో గడ్డితో పాటు ఎరుపు, నీలం, ఆకుపచ్చ పోగులు వేలాడుతున్నాయి. అవేమిటో శ్రీకాకుళం మిత్రుడు చూడగానే చెప్పాడు: నైలాన్ వలపోగులు. పడవల నుంచి సముద్రంలో పడ్డ వలల ముక్కలను నాచు అనుకుని ఏరి తెచ్చుకున్నాయి. వాటిలో మెడ చిక్కి ఎండిపోయిన పక్షి ఒకటి గూటి నుంచి వేలాడుతోంది. "మా నాన్న చిరిగిన వలను ఎప్పుడూ సముద్రంలో వదలడు, ఇంటికి తెస్తాడు" అన్నాడు. ఆ సాయంత్రమే ఇంటికి ఫోను చేసి, ఊళ్లో మిగతా పడవలవాళ్లు ఏం చేస్తున్నారని వాళ్ల నాన్నను అడిగాడు.

ఈ ప్రసంగం వింటున్న వారిలో జర్మనీకి చదువు కోసం వెళ్లబోయేవారు ఉంటే రెండు మాటలు. నాయ్‌వెర్క్ నడకకు అనుమతి పొందిన మార్గదర్శి ఉన్న బృందంలోనే చేరండి. వేసవిలో ముందుగానే నమోదు చేసుకోవాలి. ఆటుపోట్ల వేళ రోజుకు దాదాపు యాభై నిమిషాలు ఆలస్యమవుతుంది కాబట్టి, పట్టిక చూశాకే రైలు వేళ నిర్ణయించుకోండి. పాదాలకు గట్టిగా కట్టుకునే పాత బూట్లు వేసుకోండి, గుల్లల అంచులు కోస్తాయి. గాలిని ఆపే చొక్కా ఒకటి జూలైలోనైనా సంచిలో ఉండాలి. హెల్గోలాండ్‌కు ఉదయం వెళ్లి సాయంత్రం వచ్చేస్తే దీవి మీద గడిపేది కొద్ది గంటలే. పిల్లపక్షులు దూకేది సాయంత్రం ఓడ వెళ్లిపోయాక. యువజన వసతి గృహం ఉంది, ఒక రాత్రి ఉండండి.

సెలవు.