మాంసం ముక్కల చార్ట్ రివ్యూ: బొమ్మ బాగుంది, పేర్ల దగ్గరే పేచీ

నమస్తే అండీ. ఇవాళ రివ్యూకి తెచ్చింది ఇదిగో, వంటింటి గోడకు తగిలించుకునే ఈ చార్ట్. గొర్రె, పంది, గొడ్డు, మూడు బొమ్మలు. ఒంటి నిండా చుక్కల గీతలు, ఒక్కో గడిలో ఒక్కో పేరు. ప్రింటు బాగుంది, నూనె చెయ్యి తగిలినా తుడిస్తే పోతోంది. కాగితానికి వంక పెట్టను. నా పేచీ అంతా పేర్లతోనే.

కెమెరా దగ్గరికి తెస్తున్నాను, చూడండి. గొడ్డు బొమ్మలో పక్కటెముకలు దాటాక, వీపు మీద ఈ గడి. దీంట్లో ‘సర్లాయిన్’ అని వేశారు. బ్రిటన్ వాళ్లకి ఇది కరెక్టే. అమెరికా వెళ్తే అదే మాట ఇంకాస్త వెనక్కి, తుంటి వైపు జరుగుతుంది. బ్రిటన్‌లో ‘రంప్’ అనే భాగం దాదాపుగా అక్కడి సర్లాయిన్. మరి ఈ వీపు గడిని అమెరికాలో ఏమంటారు? ‘స్ట్రిప్’. బొమ్మ మీద తేడా రెండు వేళ్లే. పెనం మీద మాత్రం చాలా తేడా. వీపు కండకి పెద్దగా పని ఉండదు కాబట్టి మెత్తగా ఉంటుంది. తుంటి కండ అడుగు వేసినప్పుడల్లా పనిచేస్తుంది, అందుకే గట్టి.

ఒకసారి బ్రిటిష్ వంటపుస్తకం ముందు పెట్టుకుని, అమెరికా లెక్కలో లేబుల్ వేసిన ప్యాకెట్ కొన్నాను. పుస్తకంలోనూ, ప్యాకెట్ మీదా సర్లాయినే. పుస్తకంలో చెప్పినట్టే పెనం బాగా కాల్చి, అటూ ఇటూ తిప్పి దించాను. నమిలేసరికి దవడలు నొప్పెట్టాయి. చాలా బాధేసింది, మంచి మాంసం పాడుచేశానని. పెనాన్ని అనుమానించాను, మంటని అనుమానించాను, పేరు మీదికి మాత్రం ధ్యాస పోలేదు. అందుకే ఈ చార్ట్ తయారుచేసినవాళ్లు ఏ దేశపు లెక్క పాటించారో ఒక మూల చిన్న అక్షరాల్లోనైనా వేయాల్సింది. ఎంత వెతికినా కనిపించలేదు.

తర్వాత, తొడ మీద ‘లండన్ బ్రాయిల్’ అని ఒక గడి. దీన్ని మాత్రం నేను ఒప్పుకోను. అది మొదట్లో అసలు ముక్క పేరే కాదు, వండే పద్ధతి. డొక్క దగ్గరి మాంసాన్ని మసాలాలో నానబెట్టి, పైనుంచి మంట తగిలేలా కాల్చి, పీచుకి అడ్డంగా పల్చగా కోసేవాళ్లు. అమెరికా కొట్లలో ఆ వంటకి పనికొచ్చే తొడ మాంసం మీద కూడా అదే పేరు అంటించడం మొదలైంది. అలా వంట పేరు ముక్క పేరైపోయింది. లండన్‌లో అడిగితే ఆ పేరుతో ఏమీ దొరకదు. పంది బొమ్మలో ‘బోస్టన్ బట్’ని మాత్రం సరిగ్గా ముందు జబ్బ పైభాగంలోనే పెట్టారు. ఇంగ్లీషులో ‘బట్’ అంటే పిరుదు కదా, ఆ పేరు విని వెనక వైపు వెతికేవాళ్లే ఎక్కువ, కాబట్టి ఇక్కడ ఫుల్ మార్కులు.

గొర్రె బొమ్మ మీద ‘మటన్’ అని ఉంది. భారతదేశంలో మేకకీ గొర్రెకీ రెండిటికీ ఆ మాటే వాడతారు, బ్రిటన్‌లో అయితే ముదురు గొర్రెకే. మేక బొమ్మ కూడా వేసి ఉంటే సరిపోయేది.

ఇక కింద వరుస, ఏ ముక్కతో ఏ వంట అని. నాకు బాగా నచ్చిందీ, బాగా కోపం తెప్పించిందీ ఇదే. విందాలూ, అంటే గోవా మాంసం కూర, దాని బొమ్మ దగ్గరగా చూడండి. బంగాళదుంప ముక్కలు! పేరు చివర ‘ఆలూ’ వినిపిస్తోందని వేసేశారు. ఆ పేరు పోర్చుగీసు వాళ్లతో గోవాకి వచ్చింది. వైన్‌లో, వెల్లుల్లిలో నానబెట్టిన మాంసం అని దానర్థం. చివర వినిపించే ఆ ‘ఆలూ’ నిజానికి వెల్లుల్లి. గోవాలో వైన్ బదులు వెనిగర్ పోశారు, మిరపకాయలు చేరాయి. బ్రిటన్ రెస్టారెంట్లకి వెళ్లేసరికి విందాలూ అంటే బాగా కారం అనే అర్థమే మిగిలింది. పులుపు, వెల్లుల్లి, రెండూ వెనకబడ్డాయి.

కుర్మాదీ అంతే. టర్కీ భాషలో దాని మూలం వేయించడం. ఇప్పుడు అదే బ్రిటన్‌లో కుర్మా అంటే తెల్లగా, క్రీమ్‌తో, కారం లేని గ్రేవీ. వేపుడు కాస్తా గ్రేవీ అయింది! దీన్ని వింతగా అనుకోవద్దు, మన ‘కూర’ కూడా కదిలిందే. కూరగాయ, ఆకుకూర అన్నప్పుడు కూర అంటే ఇంకా పొయ్యి ఎక్కని పచ్చిది. కోడికూర అన్నప్పుడు అందులో ఆకూ లేదు, కాయా లేదు. రెండర్థాలూ ఒకే నోట్లో ఉన్నా మనకి ఎక్కడా కన్ఫ్యూజన్ రాదు, ఎందుకంటే పక్కనున్న మాట దారి చూపిస్తుంది. ఈ చార్ట్‌లో ఆ పక్క మాటే లేదు.

కొనొచ్చా అంటే, కొనండి. గీతలు సరైన చోట ఉన్నాయి, ఎముకలు స్పష్టంగా కనిపిస్తున్నాయి. నేనైతే మార్కర్ తీసుకుని సర్లాయిన్ పక్కన ‘బ్రిటన్’ అని రాశాను. లండన్ బ్రాయిల్ కొట్టేసి ‘తొడ’ అని రాశాను. కొట్టుకి వెళ్లినప్పుడు కూడా పేరు చెప్పడం మానేశాను. ఫోన్‌లో ఈ బొమ్మ చూపించి, ఇదిగో, పక్కటెముకల వెనక, వీపు మీది ముక్క ఇవ్వండి అంటున్నాను.