కర్టెన్ వేసిన నాస్తికుడు

బావమరిది: రికార్డింగ్ ఆన్ చేశాను బావా. ముందు ఒక్క మాట చెప్పు. 2019 డిసెంబర్ 26 పొద్దున మా ఇంట్లో కర్టెన్ వేసిందెవరు?

బావ: (నవ్వు) మొదలే అక్కడికి తీసుకెళ్ళావా!

బావమరిది: వినేవాళ్ళకి తెలియాలి కదా. ఆ రోజు సూర్యగ్రహణం. అక్కకి ఆరో నెల, పుట్టింట్లో ఉంది. అమ్మ పచ్చడి జాడీల మీద దర్భలు వేసి, అక్కను కదలకుండా పడుకోమంది. కత్తిపీట ముట్టుకుంటే బిడ్డకి గ్రహణమొర్రి వస్తుందట. ఈయనేమో పెళ్ళి పీటల మీదే పంతులుగారితో వాదన పెట్టుకున్న మనిషి.

బావ: అత్తయ్య కిటికీ తలుపులు మూసినా సందులోంచి సన్నటి ఎండ చార మీ అక్క పాదాల మీద పడుతోంది. నేను దాన్నే చూస్తూ కూర్చున్నాను. కడుపులో బిడ్డ పై పెదవి రెండో నెలకల్లా అతుక్కుపోతుందని నాకు తెలుసు. ఆరో నెలలో కొత్తగా చీలేదేమీ లేదు. అయినా లేచి వెళ్ళి కర్టెన్ లాగాను.

బావమరిది: అంటే లోపలెక్కడో నమ్మకం ఉన్నట్టేగా?

బావ: భయం ఉంది. దాన్ని నమ్మకం అంటే ఒప్పుకోను. దెయ్యం సినిమా చూసొచ్చిన రాత్రి లైటు వేసుకుని పడుకుంటాం. అంతమాత్రాన తెల్లారాక దెయ్యాలున్నాయని ఎవరితోనైనా వాదిస్తామా?

బావమరిది: పోనీ, దేవుడు లేడని నూటికి నూరు పాళ్ళు చెప్పగలవా?

బావ: చెప్పలేను.

బావమరిది: దొరికిపోయావ్! అయితే నువ్వు నాస్తికుడివి కాదు, దేవుడున్నాడో లేడో తెలియదనే అజ్ఞేయవాదివి. గోడ మీద పిల్లివి.

బావ: ఆ మాటను ఇంగ్లీషులో పుట్టించింది థామస్ హక్స్‌లీ, 1869లో. డార్విన్ పరిణామవాదం తరఫున గట్టిగా కొట్లాడినాయన, ఏ పిల్లీ కాదు. రుజువు లేనిదాన్ని తెలుసునని చెప్పుకోవద్దు అన్నాడు, అంతే. తెలుసా అన్నది ఒక ప్రశ్న, నమ్ముతున్నావా అన్నది వేరే ప్రశ్న. నాకు తెలియదు, నమ్మను కూడా. ఇందులో తికమకేముంది? 1947లో తత్వవేత్త బెర్ట్రాండ్ రసెల్ కూడా ఇదే చెప్పాడు. తత్వవేత్తల మధ్య ఉంటే అజ్ఞేయవాదినంటాను, వీధిలో మామూలు మనిషి అడిగితే నాస్తికుణ్ణంటాను అని. గ్రీకుల దేవుడు జ్యూస్ లేడని కూడా ఎవరూ రుజువు చెయ్యలేరు. నువ్వు ఆయనకి కొబ్బరికాయ కొడుతున్నావా?

బావమరిది: మా వేదమే తెలియదంటోంది కదయ్యా. ఋగ్వేదం పదో మండలం, 129వ సూక్తం. ఈ సృష్టి ఎలా వచ్చిందో పైనున్నవాడికి తెలుసేమో, ఆయనకీ తెలియదేమో అని ఆపేస్తుంది.

బావ: నాకు చాలా ఇష్టమైన సూక్తం. గుడిలో ఎవరూ చదవరేం?

బావమరిది: (నవ్వు) సరే, మన నాస్తికుడు గోరాగారి సంగతి? విజయవాడ పటమటలో ఆయన పెట్టిన నాస్తిక కేంద్రం దాటుకునే కదా కాలేజీకి వెళ్ళేవాళ్ళం.

బావ: 1940లో ముదునూరులో మొదలుపెట్టి, 1947లో పటమటకి తెచ్చారు. ఆయన వృక్షశాస్త్రం లెక్చరరు, నాస్తికత్వం వల్లే ఉద్యోగం పోగొట్టుకున్నారు. నాకు ఇష్టమైంది మాత్రం ఆయనా గాంధీగారూ మాట్లాడుకున్న తీరు. 1944లో గాంధీగారి ఆశ్రమం సేవాగ్రామ్‌లో మొదలైంది. నా ఆస్తికత్వం ఒప్పనీ చెప్పలేను, నీ నాస్తికత్వం తప్పనీ చెప్పలేను అన్నారు గాంధీగారు. అంత నమ్మకమున్న మనిషి! గోరాగారమ్మాయికీ ఒక దళిత యువకుడికీ పెళ్ళి సేవాగ్రామ్‌లో జరిపించడానికి ఒప్పుకున్నారు. ప్రమాణంలో దేవుడి పేరు తీసేసి సత్యం పేరు పెట్టడానికి కూడా ఒప్పుకున్నారు. 1948 మార్చిలో పెళ్ళి జరిగేనాటికి ఆయన లేరు. దేవుడి సంగతి ఇద్దరిలో ఎవరూ తేల్చలేదు, కానీ పెళ్ళి ఆగలేదు చూడు.

బావమరిది: గోరాగారి భార్య సరస్వతీ గోరాగారైతే కడుపుతో ఉండి గ్రహణం చూశారు.

బావ: తెలుసు. ఆ రోజు కర్టెన్ లాగుతున్నప్పుడు ఆవిడే గుర్తొచ్చారు. సిగ్గేసింది.

బావమరిది: మరి తీసెయ్యలేదా?

బావ: నేను తియ్యలేదు. మీ అక్క తీసింది.

బావమరిది: మా అక్కా? శుక్రవారం లలితా సహస్రనామం తప్పని మనిషి!

బావ: అత్తయ్య స్నానానికి వెళ్ళగానే లేచి, కర్టెనూ కిటికీ తలుపులూ తీసేసింది. చీకట్లో ఫోను చూస్తుంటే కళ్ళు లాగుతున్నాయంది.