పూజగది పాలరాయి, వాకిట్లో పలకరాయి

యాంకర్: ఇంటి నిర్మాణంపై ఫోన్-ఇన్ కార్యక్రమానికి స్వాగతం. రాళ్ల గురించి మీ సందేహాలు తీర్చడానికి భూగర్భశాస్త్ర నిపుణురాలు మనతో ఉన్నారు. చీరాల నుంచి కాల్. చెప్పండమ్మా.

కాలర్: నమస్కారం మేడమ్. మా పూజగదిలో తెల్ల మార్బుల్ వేయించాం. ఇత్తడి కుందులు అక్కడే పెట్టి చింతపండుతో తోమాను. గుండ్రంగా మచ్చలు పడ్డాయి, ఎంత రుద్దినా పోవట్లేదు. డూప్లికేట్ రాయి అంటగట్టారేమోనని టెన్షన్‌గా ఉంది.

నిపుణురాలు: మచ్చలు నల్లగా ఉన్నాయా, మసకగా ఉన్నాయా?

కాలర్: మసకగా. తడిమితే కాస్త గరుకుగా తగులుతున్నాయి.

నిపుణురాలు: అసలు పాలరాయి గుణమే అదమ్మా, కంగారు పడకండి. సున్నపురాయి భూమి లోపలి వేడికీ ఒత్తిడికీ మారి, అందులోని కాల్సైట్ అనే ఖనిజం మళ్లీ స్ఫటికాలు కడితే పాలరాయి అవుతుంది. తాజ్‌మహల్‌కు తెచ్చిన రాజస్థాన్ మక్రానా రాయీ అంతే. కాల్సైట్‌కు పులుపు పడదు. కాబట్టి మీవి అంటిన మరకలు కావు, చింతపండు పైమెరుగును తినేసింది. పాలిష్ పనివాళ్లను పిలిపించి పట్టించండి, పోతాయి. బాత్రూమ్ యాసిడ్ మాత్రం దాని దరిదాపులకు రానివ్వకండి! నూనె మరకలైతే వంటసోడా ముద్ద రాసి, రాత్రంతా కప్పి ఉంచితే చాలావరకు లాగేస్తుంది.

కాలర్: సరే మేడమ్. వాకిట్లో మార్కాపురం పలక వేద్దామంటున్నారు మావారు. వేయొచ్చా?

నిపుణురాలు: నిక్షేపంగా వేయొచ్చు. మన పిల్లల చేత అక్షరాలు దిద్దించిన ఊరమ్మా అది, ఆ రాయంటే నాకు ఎంతో ఇష్టం. నీటి అడుగున పేరుకున్న మెత్తటి బురద గట్టిపడి, ఒత్తిడికి అందులోని అభ్రకం రేకులన్నీ ఒకే వైపు బారులు తీరితే పలకరాయి అవుతుంది. అందుకే ఉలితో తడితే పొరలుగా విడివడుతుంది. బ్రిటన్‌లోని వేల్స్‌లో ఇళ్ల కప్పులకు, బిలియర్డ్స్ బల్లల అడుగున వాడేదీ ఈ జాతి రాయే. నిమ్మకాయకు, చింతపండుకు చలించదు.

కాలర్: కొనేటప్పుడు ఏం చూసుకోవాలి?

నిపుణురాలు: నాణెంతో కొట్టండి, ఖంగుమనాలి. డొల్లగా వినిపిస్తే లోపల పొర వదిలినట్టే. అంచున రేకులు లేస్తున్నా వద్దు. ఇంకో మాట, కడప నల్లబండ చూడ్డానికి పలకలాగే ఉంటుంది కానీ అది సున్నపురాయి. తాండూరు బండా అంతే. అనుమానమొస్తే చిన్న ముక్క మీద నిమ్మరసం పిండి కాసేపాగి తుడవండి. మసక పడితే పలకరాయి కాదు.

కాలర్: పలకకు కూడా పాలిష్ పట్టించాలా?

నిపుణురాలు: వాకిట్లోకి వద్దు. వానలో కాలు జారకుండా ఆపేది ఆ గరుకే.

యాంకర్: థాంక్యూ అమ్మా. తర్వాతి కాల్ తీసుకుందాం.