మూలన పడున్న స్ప్లెండర్‌కి కిక్ కొట్టే ముందు ట్యాంకు సంగతి చూడండి

[షాట్: రేకుల షెడ్డు కింద పాత స్ప్లెండర్. సీటు మీద దుమ్ము, టైర్లలో గాలి లేదు.]

ఈ బండికి పెద్ద జబ్బేమీ లేదు. కిక్ దిగుతోంది, ప్లగ్గుకి కరెంటు వస్తోంది. అయినా స్టార్ట్ కాదు. పిల్లలు హైదరాబాద్‌లోనో డాలస్‌లోనో ఉంటే, ఊళ్లో నాన్నగారి బండి ఇలాగే ఉండిపోతుంది. పండక్కి వచ్చినవాళ్లు చేసే మొదటి పని, సీసాలో లీటరు పెట్రోల్ తెచ్చి పోసి, మోకాలు పట్టేసేదాకా కిక్ కొట్టడం. ఆ పని చేయకండి. పాతదాని మీద పోస్తే కొత్త పెట్రోల్ కూడా దండగే. పైగా అడుగున ఉన్న మడ్డంతా కదిలి, పెట్రోల్‌ని గాలితో కలిపి ఇంజన్‌కి పంపే కార్బొరేటర్‌లోకి దిగుతుంది.

[క్లోజప్: ట్యాంకు మూత తీసి, లోపలికి టార్చి వేయడం.]

ముందు వాసన చూడండి. ఘాటు పోయి, వార్నిష్ వాసన వస్తోందా? అది పాడైనట్టే. పెట్రోల్‌లో తేలిగ్గా ఆవిరయ్యే భాగాలే చల్లటి ఇంజన్‌ని స్టార్ట్ చేసేవి. నిలవుంటే ముందు పోయేవీ అవే. మిగిలినది గాలి తగిలి జిగురవుతుంది.

దీనికి తోడు ఇథనాల్, అంటే ఒక రకం ఆల్కహాల్. 2023లో కొన్ని బంకుల్లో మొదలైన ఈ20, అంటే 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోల్, 2025కల్లా దేశమంతా మామూలైపోయింది. ఇథనాల్ గాలిలోని తేమని పీల్చుకుంటుంది. ఆ నీరు ఓ మోతాదు దాటిందంటే ఇథనాల్ పెట్రోల్‌ని వదిలేసి, నీటితో కలిసి అడుక్కి చేరుతుంది. రేకు ట్యాంకు తుప్పు పట్టేది అక్కడే. పెట్రోల్‌ని వదిలే, ఆపే కుళాయి, అంటే పెట్రోల్ కాక్, ఉండేదీ అక్కడే.

[షాట్: కాక్ నుంచి పైపు ఊడదీసి గాజు సీసాలోకి వదలడం.]

ఈ పని ఆరుబయట, నీడలో చేయండి. దగ్గర్లో బీడీ, సిగరెట్, పొయ్యి ఏదీ ఉండకూడదు. బ్యాటరీ నెగటివ్ వైరు తీసేయండి. కాక్‌ని రిజర్వ్‌లో పెట్టండి, ఆన్‌లో పెడితే అడుగున ఉన్నది రాదు. మొదట వచ్చినది సీసాలో పట్టి, కాసేపు కదపకుండా ఉంచండి.

[క్లోజప్: సీసా. పైన డికాషన్ రంగు, కింద వేరే పొర, అడుగున ఎర్రటి తుప్పు పొడి.]

మధ్యలో గీత కనిపిస్తోందా? కింద ఉన్నది నీరు కలిసిన ఇథనాల్, దానితో బండి స్టార్ట్ కాదు. ఎంత కిక్ కొట్టినా ఇంజన్‌కి ముందు అందేది అదే. మొత్తం దించేయండి. కాలవలో మాత్రం పారబోయకండి, మెకానిక్ షెడ్డులో అడిగి ఇవ్వండి.

తుప్పు ఎక్కువుంటే ట్యాంకు విప్పి, వెనిగర్ పోసి రాత్రంతా ఉంచండి. గుప్పెడు నట్లు వేసి కుదపండి. ఎన్ని వేశారో లెక్కపెట్టుకోండి, అన్నీ బయటికి రావాలి కదా! నీళ్లతో కడిగి, చుక్క తడి లేకుండా ఆరబెట్టి, వెంటనే పెట్రోల్ పోయండి. ఆలస్యమైతే మళ్లీ తుప్పే. చిల్లు పడితే మాత్రం ట్యాంకు మార్చాల్సిందే.

[క్లోజప్: కార్బొరేటర్ అడుగు గిన్నె విప్పడం. లోపల పచ్చటి పొర.]

అసలు పని ఇక్కడ. గిన్నె విప్పితే రెండు ఇత్తడి జెట్లు, అంటే పెట్రోల్ వెళ్లే సన్న బెజ్జాల గొట్టాలు, కనిపిస్తాయి. పెద్దది మెయిన్ జెట్, సన్నది స్లో జెట్. స్లో జెట్ బెజ్జం అర మిల్లీమీటర్ కూడా ఉండదు, కాబట్టి జిగురు ముందు దాన్నే మూసేస్తుంది. చోక్ (గాలి తగ్గించే మీట) వేస్తేనే నడిచి, తీయగానే ఆగిపోయే బండికి ముందుగా అనుమానించాల్సింది దీన్నే.

చాలామంది స్టవ్ పిన్ను పెట్టి పొడుస్తారు. ఇత్తడి మెత్తన. బెజ్జం కాస్త పెద్దదైతే చాలు, బండి జన్మంతా పెట్రోల్ తాగుతుంది. స్క్రూడ్రైవర్ గాడికి సరిగ్గా సరిపోయేదే వాడండి, తల అరిగితే జెట్టు ఇక ఊడదు. కార్బొరేటర్ క్లీనర్‌లో నానబెట్టి, పంక్చర్ షాపులో గాలి కొట్టించండి. తర్వాత వెలుతురుకి ఎదురుగా పట్టి చూడండి.

[క్లోజప్: జెట్టు బెజ్జంలోంచి గుండ్రటి వెలుగు చుక్క.]

చుక్క గుండ్రంగా కనిపించాలి. వంకరగా ఉంటే ఇంకోసారి నానాలి. గిన్నె నిండగానే పెట్రోల్‌ని ఆపే ఫ్లోట్ నీడిల్ కూడా తుడవండి, అది ఇరుక్కుంటే పెట్రోల్ ఓవర్‌ఫ్లో పైపులోంచి కారిపోతుంది. రబ్బరు పైపు వంచితే పగుళ్లు కనిపించాయా? మార్చేయండి, పెద్ద ఖర్చు కాదు.

2020 తర్వాతి బీఎస్6 (కొత్త పొగ నిబంధనల) స్ప్లెండర్‌కి కార్బొరేటర్ ఉండదు, పంపు, ఇంజెక్టర్ ఉంటాయి. ట్యాంకు సంగతి అదే, మిగతాది మెకానిక్‌కి వదిలేయండి.

[షాట్: ప్లగ్ విప్పి, చెంచాతో ఇంజన్ ఆయిల్ పోయడం.]

ఇంజన్ ఆయిల్ మార్చేసి, ప్లగ్ బెజ్జంలో ఒక చెంచా ఆయిల్ పోయండి. కీ ఆఫ్‌లోనే, ప్లగ్ లేకుండా నాలుగైదు సార్లు నెమ్మదిగా కిక్ దించండి. ప్లగ్ బిగించి, బ్యాటరీ వైరు తగిలించి, లీటరు కొత్త పెట్రోల్ పోయండి. కాక్ ఆన్ చేసి గిన్నె నిండేదాకా ఆగి, చోక్ వేసి కొట్టండి. మొదట పొగ వస్తుంది. అది మీరు పోసిన ఆయిలే, టెన్షన్ పడకండి.

రోడ్డెక్కే ముందు బ్రేకులు, టైర్లు, ఇన్సూరెన్స్ చూసుకోండి. మళ్లీ నెలల తరబడి వదిలేసి వెళ్తుంటే ట్యాంకులోని పెట్రోల్ పూర్తిగా దించేయండి. కాక్ మూసి, ఇంజన్ దానంతట అదే ఆగేదాకా నడవనివ్వండి, గిన్నెలో ఉన్నది చాలావరకు అయిపోతుంది. మిగిలిన కాస్తా డ్రెయిన్ స్క్రూ వదులు చేస్తే దిగిపోతుంది.