ఒక మంచి కబురు, ఖర్చు లెక్కతో సహా

నమస్కారమండి, అందరూ బావున్నారు కదా. వంట దగ్గరున్నవాళ్ళు స్టవ్ కాస్త సిమ్‌లో పెట్టుకోండి, బండి మీద వెళ్తూ ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని ఈ రేడియో వింటున్నవాళ్ళు మాత్రం దయచేసి పక్కకి ఆపుకుని వినండి, ఎందుకంటే ఇవాళ నేను చెప్పబోయేవన్నీ మంచి కబుర్లే, ఇవి వింటూ ఎవరైనా వెళ్ళి లారీని గుద్దితే మళ్ళీ అది రేపటి పేపర్లో చెడు వార్తైపోద్ది.

మన దగ్గర ఒక అలవాటుంది చూడండి. ఎక్కడో ఏక్సిడెంటయిందంటే పది నిమిషాల్లో చిక్కోలు నుంచి ఇచ్ఛాపురం దాకా తెలిసిపోద్ది, ఎవరో ఫోటో కూడా పెట్టేస్తారు. అదే వెనక వీధిలో గుంటకి నవోదయలో సీటొచ్చిందంటే వారం రోజులైనా మనకి తెలీదు, తెలిసినా "ఓహో, అలగా" అనేసి ఊరుకుంటాం. పోనీ వాట్సాప్‌లో మంచి వార్తలు రావా అంటే వస్తాయి, పొద్దున్నే గులాబీ పువ్వుతో పాటు వస్తాయి, ఎవరో ఆటో డ్రైవర్ పది లక్షల బ్యాగు తిరిగిచ్చాడంట, ఏ ఊరో ఉండదు, ఏ సంవత్సరమో ఉండదు, కింద మాత్రం పదిమందికి పంపండి అనుంటాది. నాకు అవి నచ్చవండి. ఆ డ్రైవర్ నిజంగానే ఉంటే ఆ బ్యాగు మనిషిని ఎలగ పట్టుకున్నాడు, ఆ పూట కిరాయి ఎంత పోగొట్టుకున్నాడు, ఇంటికెళ్తే పెళ్ళాం ఏటంది, అది కదా నాకు కావాలి. పెళ్ళి భోజనం బ్రహ్మాండంగా ఉందని అందరూ చెప్తారు, గాడిపొయ్యి దగ్గర తెల్లార్లూ నిలబడినవాడి సంగతి ఎవరూ చెప్పరు. అందుకే ఇవాళ నేను చెప్పేవన్నీ ఖర్చు లెక్కతో సహా చెప్తాను, ఎవరు నిద్ర మానుకున్నారు, ఎవరి జేబులోంచి పోయింది, అదన్నమాట. పైగా ఇవన్నీ మన చుట్టుపక్కలవే, నమ్మకపోతే బస్సెక్కి వెళ్ళి అడుక్కోవచ్చు.

ముందు తాబేళ్ళ సంగతి. మన శ్రీకాకుళం జిల్లాకి 193 కిలోమీటర్ల సముద్ర తీరం ఉంది కదా, కళింగపట్నం, భావనపాడు, వజ్రపుకొత్తూరు, బారువ, ఆ పొడుగునా సంక్రాంతి దాటిన దగ్గర్నుంచి ఎండలు ముదిరేదాకా రాత్రిపూట ఆలివ్ రిడ్లే తాబేళ్ళు ఒడ్డుకొస్తాయి. నలభై కేజీల దాకా ఉంటాది ఒక్కోటి. నీళ్ళలో ఎంత హుషారుగా ఉంటాదో ఇసక మీద అంత కష్టపడతాది, ఆయాసపడుతూ పైకొచ్చి, వెనక రెక్కలతో ఒక దాని తర్వాత ఒకటి ఇసక తోడుకుంటూ కుండలాంటి గొయ్యి తవ్వి, అందులో వంద పైనే గుడ్లు పెడతాది, మళ్ళీ ఇసక కప్పేసి, దాని మీద ఒళ్ళంతా అటూ ఇటూ ఊపి ధబ ధబ కొట్టి చదును చేసి, ఇంక వెనక్కి తిరిగి చూడకుండా సముద్రంలోకి పోద్ది. తల్లి పని అంతే. ఆ తర్వాత కుక్కలు, నక్కలు వాసన పట్టి తవ్వేస్తాయి.

ఇక్కడే మన మత్స్యకార గ్రామాల కుర్రాళ్ళు వస్తారు. అటవీ శాఖ వాళ్ళూ స్వచ్ఛంద సంస్థల వాళ్ళూ కొందరిని పెట్టుకుని రాత్రంతా ఒడ్డు మీద తిప్పుతారు. టార్చి వెలుతురు ఎక్కువైతే తాబేలు బెదిరి గుడ్లు పెట్టకుండానే వెనక్కెళ్ళిపోద్ది, కాబట్టి చీకట్లోనే, ఇసక మీద ట్రాక్టరు టైరు జాడలాగ కనిపించే ఆనవాలు పట్టుకుని వెళ్ళాలి. గుడ్లు తీసేటప్పుడు తిప్పకూడదు, కుదపకూడదు, కొన్ని గంటల లోపలే తీసుకొచ్చి, వలతో దడి కట్టిన చోట మళ్ళీ అంతే లోతు గొయ్యి తవ్వి పెట్టాలి. ఏ గొయ్యి ఏ తారీఖున పెట్టారో చీటీ రాసి కర్రకి కడతారు. 45 నుంచి 60 రోజులు. ఇంకో విచిత్రం, ఇసక వేడి ఎక్కువైతే ఆడపిల్లలు ఎక్కువ పుడతాయి, చల్లగా ఉంటే మగపిల్లలు, కాబట్టి ఎండాకాలం ముదిరాక పైన నీడ కూడా వెయ్యాల్సొస్తాది.

పిల్లలు బయటికొచ్చే రోజు చూడాలండి. ముందు గొయ్యి పైన ఇసక కొంచెం కిందకి దిగుద్ది, చూస్తూండగానే ఒక నల్లటి ముక్కు, తర్వాత ఒక రెక్క, ఇంక ఒకదాన్నొకటి తొక్కుకుంటూ బుట్టెడు పిల్లలు. అరచేతిలో రెండు పడతాయి. వాటిని పట్టుకెళ్ళి నీళ్ళకి కాస్త దూరంలో ఒడ్డు మీద వదుల్తారు. చూడ్డానికి వచ్చిన పెద్దోళ్ళు జాలిపడి "అయ్యో, నీళ్ళలో వేసేద్దురూ" అంటారు, వెయ్యకూడదు. ఆ ఇసక మీద అవి సొంతంగా పాకాలి, పెద్దయ్యాక గుడ్లు పెట్టడానికి ఇదే తీరం గుర్తుపట్టి రావడానికి ఆ నడక పనికొస్తాదని సైంటిస్టులు చెప్తారు. మొదటి అల వచ్చి సగం పిల్లల్ని వెల్లకిలా పడేసి మళ్ళీ ఒడ్డు మీదకి తెస్తాది, మళ్ళీ తిరగబడి నడుస్తాయి, రెండో అలకో మూడో అలకో వెళ్ళిపోతాయి. వెయ్యింటికి ఒకటి పెద్దదవుద్దేమో అంటారు. ఆ ఒక్కదాని కోసం ఇంత మేలుకోవడం.

లెక్కలో రెండో వైపు కూడా చెప్పాలి కదా. ఇదే తీరంలో ఏటా చచ్చిపోయిన పెద్ద తాబేళ్ళు కూడా కొట్టుకొస్తున్నాయి, ట్రాలర్ వలల్లో పడి పైకొచ్చి ఊపిరి పీల్చుకోలేక. తాబేలు తప్పించుకోడానికి వలకి పెట్టే పరికరం ఉంది, టెడ్ అంటారు, పెడితే కొంత చేప కూడా పోద్దని చాలామంది బోటు ఓనర్లు పెట్టరు. కానీ తాబేలు పడిందని సొంత వల కోసేసి వదిలేసిన మనిషి కూడా ఇదే తీరంలో ఉంటాడు, మళ్ళీ ఆ వల కుట్టుకోడానికి ఆ వారం సంపాదన అందులోకే పోద్ది. నాకు వాడే హీరో.

పక్షుల సంగతి చాలామందికి తెలుసు, టూకీగా చెప్పేస్తాను. టెక్కలి దగ్గర తేలినీలాపురం, ఇచ్ఛాపురం దగ్గర తేలుకుంచి. తేలినీలాపురంలో చింతచెట్ల మీద గూడబాతులూ ఎర్రకాళ్ళ కొంగలూ గూళ్ళు పెడతాయి, పురిటికి పుట్టింటికొచ్చిన ఆడపిల్లల్లాగ చూసుకుంటారు ఊళ్ళోవాళ్ళు. సైబీరియా నుంచి వస్తాయని మనమంతా అంటాం గాని ఈ గూడబాతులు మన దక్షిణాసియావే అని పక్షుల గురించి చదువుకున్నవాళ్ళ మాట, సైబీరియా కాకపోతే ఏటి, మర్యాద తగ్గించేస్తామా. తేలుకుంచిలో మూతి మూసినా మధ్యలో సందు కనపడే కొంగలు జూన్‌లో వానతో పాటు వస్తాయి, ఉభాల టైంకి, అంటే వరి నాట్లప్పుడు, పొలాల్లో నత్తల్ని ఏరుకు తింటాయి, కొంగలొస్తే పంట బావుంటాదని రైతుల నమ్మకం. ఖర్చు లెక్కంటారా, వాకిట్లో చెట్టు మీద అన్ని పక్షులుంటే కింద ఎలగుంటాదో ఊహించుకోండి. ఆ కంపు భరించి, ఆ వాకిలి రోజూ కడిగి, ఎవరూ చెట్టు కొట్టెయ్యలేదు.

ఇప్పుడు చెప్పేదాని మీద మాత్రం నాకూ మా బావకీ పెద్ద గొడవైంది. సాలూరు మండలంలో కొదమ అని ఒడిశా సరిహద్దు దగ్గర కొండ మీద ఊరు. అప్పట్లో విజయనగరం జిల్లా, 2022 ఏప్రిల్ నుంచి పార్వతీపురం మన్యం జిల్లాలో ఉంది. అప్పటికి రోడ్డు లేదు. ఎవరికైనా ఒంట్లో బాగోపోతే, పురుటి నొప్పులొస్తే డోలీలో మోసుకురావాల్సొచ్చేది. 2020లో, ఇంకా కరోనా ఉండగానే, ఆ గిరిజనులు ఇంటింటికీ ఇంత అని వేసుకుని, చాలనిదానికి అప్పు తెచ్చుకుని, మెషీన్లు పెట్టి సొంతంగా కొండ తవ్వుకుని రోడ్డేసుకున్నారు. దేశమంతా వార్తైంది, పెద్ద పెద్దవాళ్ళు శెభాష్ అన్నారు.

నేను ఏడురోడ్ల జంక్షన్లో టీ తాగుతూ ఇది చెప్తే మా బావ గ్లాసు కింద పెట్టేశాడు.

"ఏటి బావా, అది మంచి వార్తేటి? సిగ్గుపడాల్సిన వార్త. రోడ్డెయ్యాల్సినోళ్ళు ఎయ్యకపోతే, అన్నం లేనోళ్ళు అప్పు చేసి ఏసుకున్నారు. దాన్ని నువ్వు రేడియోలో చప్పట్లు కొట్టి చెప్తావా?"

"కొడతాను బావా. రెండూ చెప్తాను."

"రెండూ చెప్తే ఎవడూ వినడు."

మీరు వింటున్నారు కదా. బావ చెప్పినదాంట్లో నిజం లేకపోలేదు, నిజానికి చాలా ఉంది. డోలీ మోస్తున్న ఫోటో ఇప్పటికీ మన్యంలో ఎక్కడో ఒక చోట్నుంచి వస్తూనే ఉంది. కాని ఆ అప్పు సంగతి చెప్పకుండా ఒట్టి శెభాష్ అంటేనే తప్పు, వాళ్ళని మెచ్చుకోవడం తప్పు కాదు. ఇంకొకటి, ఆ ఊరివాళ్ళు దాన్ని గొప్ప అనుకుని చెయ్యలేదు, నెలలు నిండిన మనిషి ఇంట్లో ఉంటే ఎవరైనా అదే చేస్తారు.

ఇలాంటిదే, సగం తీపి సగం చేదు, మత్స్యకారులది. ఎచ్చెర్ల మండలం డి.మత్స్యలేశం, ఆ చుట్టుపక్కల ఊళ్ళ నుంచి మగవాళ్ళు గుజరాత్‌లో వెరావల్ వెళ్ళి బోట్ల మీద కూలికి చేస్తారు, ఇక్కడ సరైన హార్బర్ లేక. 2018 చివర్లో అలాగ వెళ్ళినవాళ్ళు వేటలో ఉండగా పాకిస్తాన్ వాళ్ళు పట్టుకుపోయారు. ఏడాది పైన కరాచీ జైల్లో. ఇక్కడ ఆడవాళ్ళు కాగితాలు పట్టుకుని తిరగని ఆఫీసు లేదు, కనపడిన నాయకుడికల్లా చెప్పుకున్నారు. 2020 జనవరి 6న వాఘా దగ్గర 20 మందిని మనవాళ్ళకి అప్పగించారు. సరిగ్గా సంక్రాంతి ముందర. ఆ ఏడు ఆ ఇళ్ళల్లో పండగ ఎలగ జరిగుంటాదో నేను చెప్పక్కర్లేదు. కానీ వెరావల్ వెళ్ళే రైలు ఇప్పటికీ మనవాళ్ళతో నిండే పోతోంది, అది కూడా చెప్పకపోతే మా బావ ఊరుకోడు.

విజయనగరం వాళ్ళు అలిగేలోపు వాళ్ళది చెప్పేస్తాను. మహారాజా సంగీత కళాశాల 1919లో పెట్టారు, ఆదిభట్ల నారాయణదాసు గారు మొదటి ప్రిన్సిపాల్. ఆ కాలేజీ కోసం కృష్ణా జిల్లా నుంచి ఒక కుర్రాడు చేతి ఉంగరం అమ్ముకుని రైలెక్కి వచ్చాడు. వచ్చేసరికి కాలేజీకి వేసవి సెలవులు. ఊళ్ళో ఎవరూ తెలీదు, చేతిలో డబ్బుల్లేవు. చివరికి ఆ కాలేజీలో సంగీతం చెప్పే పట్రాయని సీతారామశాస్త్రి గారు చేరదీశారు. ఆయనదీ కలిగిన కుటుంబమేం కాదు, రూపాయి తీసుకోకుండా చదువు చెప్పారు, తిండికి మాత్రం జోలె కట్టుకుని మధూకరం చెయ్యమన్నారు. ఇంటింటికీ వెళ్ళి ఒక్కో ముద్ద అడుక్కోవడం. మొదటిరోజు గుమ్మం ముందు నిలబడి నోరు పెగలని కుర్రాడికి గొంతు ఎలగొచ్చిందో గాని, ఆ గొంతే తర్వాత తెలుగు దేశమంతా విన్నది. ఘంటసాల వెంకటేశ్వరరావు గారు. పాట బావుందని ఘంటసాల గారిని అందరం పొగుడుతాం, శాస్త్రి గారిని కూడా కొంతమంది తలుచుకుంటారు. ఆ వీధుల్లో రోజూ తలుపు తీసి, ఈ గుంటడు మళ్ళీ వచ్చాడా అని విసుక్కోకుండా, లేదా విసుక్కునే, ఒక ముద్ద వేసిన ఇల్లాళ్ళ పేర్లు ఏ సినిమా టైటిల్స్‌లోనూ పడలేదు. విసుక్కుని పెట్టిన ముద్ద కూడా లెక్కలోకే వస్తాది అంటాను నేను, ఆకలికి తెలీదు కదా ఎలాంటి మొహంతో పెట్టారో.

వెయిట్‌లిఫ్టర్ కరణం మల్లీశ్వరి గారి పేరు చెప్పకపోతే ఊసవానిపేట నుంచి ఫోన్లొస్తాయి, తెలుసు. 2000 సెప్టెంబర్ 19, సిడ్నీ, స్నాచ్‌లో 110, క్లీన్ అండ్ జెర్క్‌లో 130, మొత్తం 240 కేజీలు, ఒలింపిక్ పతకం తెచ్చిన మొదటి భారతీయ మహిళ. అది అందరికీ నోటికొచ్చిందే కాబట్టి సాగదియ్యను. ఈ మధ్య పుట్టిన పిల్లలకి మాత్రం ఒకసారి చెప్పండి, వాళ్ళు ఆమదాలవలస అంటే రైల్వే స్టేషన్ ఒక్కటే అనుకుంటున్నారు.

ఇంక మీ వంతు. మీ ఊళ్ళో జరిగినవి రాసి పంపండి, కార్డు మీద రాసినా సరే, వాయిస్ మెసేజ్ అయినా సరే. ఫార్వర్డ్ వచ్చినవి వద్దండి బాబూ, మీ కళ్ళతో చూసినవే. ఊరి పేరుండాలి, ఎప్పుడో ఉండాలి, ఎంతైందో, ఎవరు వద్దన్నారో అది కూడా రాయండి. ఊరికి బోరు వేయించిన పెద్దమనిషి పేరు నాకొద్దు, ఆయన ఫ్లెక్సీ ఎలాగూ కట్టించుకుంటాడు, ఆ బోరు పాడైనప్పుడల్లా స్పానర్ పట్టుకుని వెళ్ళేవాడు ఒకడుంటాడు చూడండి, వాడి గురించి రాయండి.

వచ్చే వారం పొందూరు వెళ్దాం. అక్కడ ఖద్దరుకి పత్తిని వాలుగ చేప దవడతో దువ్వుతారు, ఆ దవడకున్న సన్నటి పళ్ళు చేసే పని ఏ దువ్వెనా చెయ్యదంట. శుద్ధ శాకాహారులు కట్టుకునే పంచె వెనకాల చేప ఉందన్నమాట. దువ్వే ఆడవాళ్ళకి రోజుకి ఎంత గిడుతుందో కూడా వాళ్ళనే అడిగి చెప్తాను. ఉంటానండి మరి, నమస్కారం.